పాత మెయిళ్ళను కదిలించండి, సర్దకండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. ఆ కబురు నల్లగొండకు కొంచెం ఆలస్యంగానే చేరింది గానీ, చేరాక మాత్రం కంప్యూటర్ల పని చేసే మాలాంటి వాళ్ళకు కొత్త రకం గిరాకీ మొదలైంది. కొత్త మిషన్ కొన్నవాళ్ళు పాతదాన్ని సంచిలో పట్టుకొచ్చి బల్ల మీద పెడతారు. "అన్నా, ఇండ్ల మెయిళ్ళున్నయ్, అండ్ల ఎక్కియ్యి" అంటారు. వచ్చేవాళ్ళలో మిర్యాలగూడ రైసుమిల్లుల గుమాస్తాలున్నారు, పోచంపల్లి చీరల వ్యాపారులున్నారు, రిటైరైన ఇంజనీర్లున్నారు, అమెరికాలో కొడుకులున్న తల్లిదండ్రులున్నారు. ఇరవై ఏళ్ళ కింద మండల కేంద్రం నుంచి పత్రికలకు వార్తలు పంపిన విలేఖరులు కూడా ఒకరిద్దరు వచ్చారు.

ఈ పని ఎలా చేయాలన్న దాని మీద నాకూ మా లైన్లో మిగతావాళ్ళకూ ఎప్పుడూ పడదు. ఎలాగూ మారుస్తున్నాం కదా, పనిలో పనిగా చెత్త తీసేద్దాం, ఫోల్డర్లు సర్దుదాం, పాడైన తెలుగును బాగు చేద్దాం అని వాళ్ళంటారు. మార్చేటప్పుడు ఏదీ ముట్టుకోవద్దని నేనంటాను. చెత్తతో సహా ఉన్నది ఉన్నట్టు కొత్త ఫైల్లోకి దించాలి, లెక్క సరిచూడాలి, పాత ఫైలును అలాగే పక్కన పెట్టాలి. సర్దుడు, దిద్దుడు ఏదైనా తర్వాత, వేరే కాపీ మీద. మామూలు ఇంగ్లీషు మెయిళ్ళకైతే ఇంత పట్టుదల అక్కర్లేదేమో. తెలుగు ఉత్తరాలున్న ఫైలుకు మాత్రం ఇది తప్పదు. ఎందుకో చెప్పాలంటే కాస్త లోపలికి పోవాలి.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్ వాడినవాళ్ళ మెయిళ్ళు పీఎస్టీ అనే ఫైల్లో ఉంటాయి. దానిలో రెండు తరాలున్నాయి. ఔట్‌లుక్ 97 నుంచి 2002 దాకా వాడింది పాత తరం, దాన్ని ఆన్సీ అంటారు. ఔట్‌లుక్ 2003తో యూనికోడ్ తరం, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒకే పట్టిక వాడే తరం వచ్చింది. పాతదానికి హద్దు 2 జీబీ. అది దాటితే ఫైలు మొరాయించేది. దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మందేమిటంటే, ఫైల్లో కొంత భాగాన్ని కోసేసి మిగతాది తెరుచుకునేలా చేసే చిన్న ప్రోగ్రాం. కోసిన ముక్కలో ఎవరి ఉత్తరాలు పోయాయో కోసినవాడికి కూడా తెలియదు. కొత్త తరానికి మొదట 20 జీబీ, 2010 వెర్షను నుంచి 50 జీబీ హద్దు పెట్టారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఔట్‌లుక్‌ను కొత్తది వేసుకున్నంత మాత్రాన పాత ఫైలు కొత్త తరంలోకి మారదు. 2001లో తెరిచిన ఫైలునే 2003తో, 2007తో, 2010తో వాడుకుంటూ వచ్చిన ఆఫీసులు బోలెడు. ప్రోగ్రాం కొత్తది, ఫైలు మాత్రం ఆన్సీయే. డేటా ఫైల్ సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే 97-2002 అని కనిపిస్తుంది, అదే గుర్తు. ఔట్‌లుక్ లేకుండా చూడాలంటే ఫైలును హెక్స్ ఎడిటర్‌లో, అంటే ఫైల్లోని బైట్లను అంకెలుగా చూపే ప్రోగ్రాంలో తెరవాలి. మొదట ఆశ్చర్యార్థకం, తర్వాత బి, డి, ఎన్ అక్షరాలు ఉంటాయి. సున్నా నుంచి లెక్కపెడితే పదో స్థానంలో 14 గానీ 15 గానీ ఉంటే ఆన్సీ, 23 ఉంటే యూనికోడ్. ఎడిటర్ వీటిని పదహారు ఆధారంగా చూపిస్తుంది కాబట్టి 23 అక్కడ 17గా కనిపిస్తుంది, కంగారు పడొద్దు.

ఇప్పుడు తెలుగు గొడవ. ఆన్సీ ఫైలు మెయిలు సబ్జెక్టునూ, పంపినవాళ్ళ పేరునూ విండోస్ కోడ్‌పేజీలో, అంటే ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే పట్టిక ప్రకారం రాసుకుంటుంది. రష్యన్‌కు, అరబిక్‌కు, థాయ్‌కి అలాంటి కోడ్‌పేజీలున్నాయి. సిస్టం మొత్తానికి పెట్టుకోగలిగిన అలాంటి కోడ్‌పేజీ తెలుగుకు లేదు. తెలుగు విండోస్‌లోకి వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో, అదీ నేరుగా యూనికోడ్ దారినే. కాబట్టి 2008లో మీ మేనల్లుడు యూనికోడ్ తెలుగులో శుభాకాంక్షలని సబ్జెక్టు పెట్టి మెయిలు కొట్టాడనుకోండి. మీ ఔట్‌లుక్ 2007 దాన్ని చక్కగా అందుకుని, ఆన్సీ ఫైల్లో రాయబోయి, చోటు దొరక్క ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం రాసేసింది. ఆ సబ్జెక్టు ఇక దొరకదు. ప్రశ్నార్థకం వెనక ఏ అక్షరం ఉండేదో ఫైల్లో ఎక్కడా లేదు. ఉత్తరం లోపలి భాగం హెచ్‌టీఎంఎల్ రూపంలో, అంటే వెబ్ పేజీలాగా వచ్చి ఉంటే మాత్రం అది కొన్నిసార్లు తన కోడ్‌తో సహా బైట్ల మూటగా అలాగే బతికి ఉంటుంది. పైన ప్రశ్నార్థకాల వరస, తెరిస్తే లోపల శుభ్రమైన తెలుగు. ఇలాంటివి ఎన్నో చూశాను.

సర్దేవాళ్ళ చేతుల్లో జరిగేది ఇక్కడే. సబ్జెక్టు వరసగా పేర్చి, ప్రశ్నార్థకాలున్నవన్నీ స్పామ్ అనుకుని ఒక్క దెబ్బకు ఎత్తేస్తారు. పోయేవి మన తెలుగు ఉత్తరాలే. బ్యాంకు వాళ్ళ ఆఫర్లు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి నిక్షేపంగా మిగులుతాయి.

తెలుగు పాడైన మెయిళ్ళన్నీ ఒక్క రకం కాదు. మూడు జబ్బులున్నాయి, మూడింటికీ వేరే వేరే గుణాలు. ఒకటి ఇప్పుడు చెప్పిన ప్రశ్నార్థకాలు. దానికి వైద్యం లేదు. రెండోది చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ నిజానికి ప్రాణభయం లేనిది. తల మీద ఏటవాలు గీత పెట్టిన "ఏ" అనే ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇంకేదో గుర్తు, మళ్ళీ అదే ఏ, మళ్ళీ డిగ్రీ గుర్తు, మధ్య మధ్యలో కూడిక కింద గీతున్న గుర్తు. ఇదంతా సలక్షణమైన తెలుగే. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింట్లో ఏదో ఒకటి. వాటిని ఎవరో పశ్చిమ యూరపు కోడ్‌పేజీ అనుకుని చదివితే ఇలా కనిపిస్తాయి. కోడు సరిచేసి మళ్ళీ చదివిస్తే అక్షరం పొల్లుపోకుండా తిరిగొస్తుంది. కానీ ఈ లోపల ఎవరైనా "బాగు చేస్తూ" ఆ వింత గుర్తులన్నీ తీసేసి సేవ్ చేశారా, అంతే సంగతులు.

ముడి మెయిలు తెరిచి చూసే అలవాటున్నవాళ్ళకు ఒక చిట్కా. తెలుగు సబ్జెక్టు బేస్64లో, అంటే బైట్లను మామూలు ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి పంపే పద్ధతిలో ఉంటే 4ఎల్‌సి, 4ఎల్‌జి అనే గుంపులు ప్రతి నాలుగు అక్షరాలకూ ఒకసారి తగులుతాయి. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి కనుక తెలుగు దానిలో సరిగ్గా ఇముడుతుంది. ఆ 4ఎల్‌సిలు కనబడ్డాయంటే తెలుగు క్షేమం.

మూడో జబ్బే అసలు తలనొప్పి. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతో రాసిన ఉత్తరాలు. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరపు ముక్కలను, అంటే తలకట్టును, గుణింతాన్ని, వత్తును విడివిడిగా ఇంగ్లీషు అక్షరాల గడుల్లో కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్నన్నాళ్ళూ తెలుగు, లేకపోతే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపు. కంప్యూటర్ దృష్టిలో ఇందులో పాడైంది ఏదీ లేదు. మార్పిడి ప్రోగ్రాం దీన్ని ఇంగ్లీషు అనుకుని అపురూపంగా ఒక్క బైటు కూడా పోకుండా కొత్త ఫైల్లోకి దించుతుంది. మన మిల్లుల్లో పాత బస్తా చిరిగితే బియ్యాన్ని కొత్త బస్తాలో పోస్తారు. బియ్యం పురుగు పట్టిందా లేదా అన్నది బస్తా మార్చేవాడి పని కాదు. అది జల్లెడ దగ్గర తేలుతుంది. రెండు పనులూ ఒకడే ఒకేసారి చేయబోతే సగం బియ్యం నేలపాలు.

ఇక్కడో చిత్రం చెప్పాలి. తెలుగులో టైపు చేసే దారి తెలియక, "నాన్నా బాగున్నారా, అమ్మకు షుగర్ ఎలా ఉంది" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన మెయిళ్ళున్నాయి చూడండి, ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి హడావుడిగా రాసినవి, అవన్నీ ఈనాటికీ చెక్కుచెదరలేదు. ఏ కోడ్‌పేజీ మారినా, ఏ ఫైలు మారినా అవి మారవు. భాష మీద ప్రేమతో, ఫాంటు కొనుక్కుని, కీబోర్డు నేర్చుకుని, ఒత్తులూ దీర్ఘాలూ చూసుకుని రాసిన ఉత్తరాలే చదవరాకుండా పోయాయి. దీని మీద కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరకరు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు 128 గడుల చోటిచ్చారు. అది మన బల్ల మీదికి రావడానికి పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళలో పని ఆగదు కదా, జనం దొరికినదాంతో రాసుకున్నారు.

సర్దవద్దనడానికి ఇంకో కారణం మన జిల్లాలే. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు ముక్కలైంది, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పోయాయి, 2019లో నారాయణపేట కూడా. చేనేత వ్యాపారి ఒకాయన ఫైల్లో పోచంపల్లి ఉత్తరాలన్నీ నల్లగొండ జిల్లా ఫోల్డరులో ఉన్నాయి. ఆయన కొడుకు చదువుకున్నవాడు, "మార్చేటప్పుడే యాదాద్రి అని కొత్త ఫోల్డర్ పెట్టి అండ్ల వెయ్యండి సార్" అన్నాడు. వద్దన్నాను. 2006లో ఆ ఉత్తరం రాసినప్పుడు పోచంపల్లి నల్లగొండ జిల్లాలోనే ఉంది. ఆ ఫోల్డరు పేరు కూడా ఆనాటి సాక్ష్యమే. పైగా ఫోల్డర్లు కలిపేసి, విడగొట్టేసి మారిస్తే పాత ఫైల్లో ఎన్ని ఉన్నాయి, కొత్తదాంట్లో ఎన్ని వచ్చాయి అన్న లెక్క పోల్చడానికి ఏ దారీ మిగలదు. ఫోల్డరు వారీగా అంకెలు సరిపోవడమే ఈ పనిలో మనకున్న ఒకే ఒక్క ధీమా. ఆ ధీమాను వదులుకుని అందంగా సర్దుకుని ఏం లాభం?

పని పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ముందు పాత ఫైలుకు కాపీ తీసి, ఏం చేసినా కాపీ మీదే చేయాలి. ఫైలు తెరుచుకోకపోతే ఇన్‌బాక్స్ రిపేర్ టూల్ నడపాలి, అదీ కాపీ మీదే, ఎందుకంటే అది బాగుచేయలేనిదాన్ని వదిలేస్తుంది. తర్వాత క్లాసిక్ ఔట్‌లుక్‌లో, అంటే పాత రకం ఔట్‌లుక్‌లో, కొత్త ఖాళీ డేటా ఫైలు సృష్టించి, అందులోకి పాతదాన్ని ఇంపోర్ట్ చేయాలి. డూప్లికేట్లు రానివ్వాలా అని అడిగితే రానివ్వమనాలి. ఏవి జంటలో తేల్చేది ప్రోగ్రాం కాదు, మీరు. ఆర్కైవ్ పేరుతో ఇంకో పీఎస్టీ ఉందేమో తప్పక వెతకాలి. ఆటో ఆర్కైవ్ అనే ఏర్పాటు పాత మెయిళ్ళను యజమానికి తెలియకుండానే అందులోకి తోసేస్తుంటుంది. ఎక్స్‌పీలో ఆ ఫైలు దాచిన ఫోల్డర్ల అడుగున ఎక్కడో ఉంటుంది. "2005 ముందరి మెయిళ్ళు ఎప్పుడో పోయినయ్" అని వచ్చినవాళ్ళలో కొందరికి అవి అక్కడే దొరికాయి.

క్లాసిక్ ఔట్‌లుక్‌కు కనీసం 2029 దాకా మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కొత్త ఔట్‌లుక్ పీఎస్టీ ఫైళ్ళతో పాతది చేసే పనులన్నీ చేయదు. అందుకే ఆలోపే కదలాలంటున్నాను. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వాడినవాళ్ళ పరిస్థితి చూస్తే ఇది అర్థమవుతుంది. వాళ్ళ మెయిళ్ళు ఫోల్డరుకొకటి చొప్పున డీబీఎక్స్ ఫైళ్ళలో ఉండేవి. వాటిని తెలిసిన విండోస్ లైవ్ మెయిల్‌కు 2017 జనవరిలో మద్దతు ఆగింది. ఇప్పుడు ఆ ఫైళ్ళు తెచ్చినవాళ్ళకు దారి లేదని కాదు గానీ డొంకదారే.

ఒక పీఎస్టీ నుంచి ఇంకో పీఎస్టీకి మార్చి ఊరుకోవడం కూడా నాకు నచ్చదు. ఆ గది కూడా ఒకే కంపెనీ తాళంచెవితో తెరుచుకునేదే. 2010లో మైక్రోసాఫ్ట్ ఆ ఫైలు నిర్మాణాన్ని బయటపెట్టింది, రీడ్‌పీఎస్టీ లాంటి ఉచిత ప్రోగ్రాములు అంతకుముందు నుంచే దాన్ని చదువుతున్నాయి, అది మేలే. అయినా ఒక్కో మెయిలుకు ఒక్కో ఈఎంఎల్ ఫైలు, లేదా ఫోల్డరుకొక ఎంబాక్స్ కూడా తీసి పెట్టమంటాను. అవి మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఎవరు, ఎవరికి, ఎప్పుడు అన్నది కనబడుతుంది.

మరి ఈఎంఎల్ తీశాక పాత పీఎస్టీ పారేయొచ్చుగా? పారేయకూడదు. ఔట్‌లుక్ మెయిలును వచ్చినది వచ్చినట్టు దాచదు. విప్పి ముక్కలుగా తన అరల్లో పెట్టుకుంటుంది. మనం తీసే ఈఎంఎల్ ఆ ముక్కలతో తిరిగి కట్టిన రూపం. పంపిన మెయిళ్ళకైతే దారిపొడవునా సర్వర్లు వేసిన ముద్రలు అసలే ఉండవు. ఇది చదువుకోవడానికి అడ్డం కాదు గానీ, రేపు కోర్టులో అవసరమైతే అడ్డమే. 2000 నాటి ఐటీ చట్టం ఏడో సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డును పుట్టిన రూపంలోనే దాచమంటుంది, లేదా ఆ సమాచారాన్ని ఖచ్చితంగా చూపిస్తుందని నిరూపించగల రూపంలో దాచమంటుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ తేదీన, ఏ సమయాన అన్నది కూడా తెలియాలంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన పత్రంలో హ్యాష్ విలువ, అంటే ఫైలు వేలిముద్ర లాంటి అంకె రాయాలి. అందుకే పాత ఫైలుకు షా-256 పద్ధతిలో హ్యాష్ తీసి, కాగితం మీద ప్రింటు చేసి, ఫైలుతో పాటు ఇస్తాను. మిల్లు సేటు ఒకాయన ఆ కాగితం చూసి "ఇదేం జాతకం తమ్మీ" అన్నాడు. జీఎస్టీ లెక్కల కాగితాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలని ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ లెక్కల వెనక బేరసారాలన్నీ మెయిళ్ళలోనే ఉన్నాయని చెబితే జాతకం జేబులో పెట్టుకున్నాడు.

నాతో వాదించేవాళ్ళ మాటల్లో బలమైనది ఒకటుంది, దాన్ని దాటేయలేను. "ఇదంతా ఎవడు జూస్తడు? పది వేల మెయిళ్ళల్ల పనికొచ్చేటివి ఇరవై ఉంటయ్. దానికింత లొల్లా?" నిజమే. చాలా ఫైళ్ళలో ముప్పాతిక చెత్తే. ఎవరో ఫార్వర్డు చేసిన దేవుడి బొమ్మలు, పదిమందికి పంపితే శుభం జరుగుతుందన్న బెదిరింపులు. పారేయడానికి నాకేం అభ్యంతరం లేదు. ఎప్పుడు, ఎవరు పారేస్తారన్నదే నా పేచీ. మెకానిక్కు కాదు పారేయాల్సింది. ఆ ఇరవై ఏవో నాకు తెలియదు. చనిపోయిన భర్త ఫైలు తెచ్చిన ఒకామెకు కావలసింది ఉద్యోగపు మెయిళ్ళు కావు, ఆయన తన తమ్ముడికి పొలం బోరు గురించి రాసిన నాలుగు ముక్కలు. అది నాకు చెత్తలాగే కనిపించేది. మార్పిడి అయ్యాక, అంకెలు సరిపోయాక, తీరిగ్గా ఆమె కూర్చుని తీసేసుకుంటే అడ్డెవరు?

జీమెయిల్‌లోకి ఎక్కించేస్తే పోలేదా అనేవాళ్ళూ ఉన్నారు. ఎక్కించుకోండి, వెతకడానికి అంత సుఖం ఇంకోటి లేదు. కానీ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఫోటోలకూ, డ్రైవుకూ కలిపే. పాత మెయిళ్ళ కోసమని వేరే ఖాతా తెరిచి అటువైపు చూడకపోతే, రెండేళ్ళు వాడని ఖాతాలను తీసేసే నియమం గూగుల్‌కు ఉంది. అది ఇంకో కాపీ కావచ్చు, ఒకే కాపీ కాకూడదు. ఇక "ఫ్రీ ఆన్‌లైన్ కన్వర్టర్" అని కనిపించే సైట్లలోకి పీఎస్టీ ఎక్కించడం గురించి ఒక్క మాటే. ముక్కూమొహం తెలియనివాడికి ఇరవై ఏళ్ళ ఉత్తరాలు చదవమని ఇస్తారా?

పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యపడొద్దు. పీఎస్టీ పాస్‌వర్డ్ ఫైలును తాళం వేయదు. దాని సీఆర్‌సీ విలువ, అంటే పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన అంకె ఒకటి ఫైల్లో రాసి ఉంటుంది, ఔట్‌లుక్ మర్యాదగా దాన్ని అడుగుతుంది, అంతే. మర్యాద లేని ప్రోగ్రాములు అడగకుండానే తెరుస్తాయి. కాబట్టి పాత హార్డ్ డిస్క్‌ను తుక్కు కింద ఇచ్చేముందు ఆలోచించండి.

తెలుగు బాగుచేసే పని ఇవన్నీ అయ్యాకే, వేరే కాపీ మీద మొదలవుతుంది. హెచ్‌టీఎంఎల్ మెయిలైతే ఫాంటు పేరు లోపల రాసి ఉంటుంది. ఏ ముక్కకు ఏ మార్పిడి పట్టిక వాడాలో దాన్ని బట్టి తెలుస్తుంది, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలను వదిలేయొచ్చు. అందుకే హెచ్‌టీఎంఎల్‌ను తీసేసి ఉత్తి టెక్స్ట్‌గా మార్చే కన్వర్టర్లంటే నాకు మంట. ఆ ఫాంటు పేరొక్కటే దారి చూపేది, దాన్నే వాళ్ళు అలంకారమనుకుని తుడిచేస్తారు.

ఉత్తి టెక్స్ట్‌లో అను ఫాంటు అక్షరాలు అతికించి పంపిన మెయిళ్ళకు ఆ దారి కూడా లేదు. ఇప్పుడు నా ముందున్నవి అవే, ఒక పాత విలేఖరి గారివి. వాటిలో ఏ ఫాంటు వాడారో ఆయనకూ గుర్తులేదు. అయితే వార్త ఏదైనా ఊరి పేరుతో, తేదీతో మొదలవుతుంది. తేదీలో అంకెలు చదవగలుగుతున్నాం. వాటికి ముందున్న గుర్తులు ఊరి పేరన్నమాట. ఎక్కువసార్లు వచ్చే గుర్తుల వరసను ఆయన ఎక్కువగా వార్తలు పంపిన ఊరితో పోల్చుకుంటే కొన్ని అక్షరాలు బయటపడతాయి, వాటితో ఇంకో ఊరు, దాంతో ఇంకొన్ని అక్షరాలు. "మీరు వార్తలు రాసిన ఊర్లన్నీ ఓ కాగితం మీద రాసియ్యండి సార్" అన్నాను. నకిరేకల్, చండూరు, మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ రాశారు. ద్విత్వాలు, సంయుక్తాలు ఉన్న పేర్లు ఎక్కువ కావాలంటే చౌటుప్పల్, చిట్యాల, కట్టంగూర్ కలిపారు. చిట్యాలతో ట వత్తు ఎక్కడుందో కాదు గానీ య వత్తు ఎక్కడుందో దొరికింది. ఇప్పుడు న వత్తున్న ఊరి కోసం చూస్తున్నాం.